రెక్కలో చెయ్యి

విమానం రెక్కలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, చెంప రెక్కకి ఆనించి, గోడమీద బల్లిలా అతుక్కుపోయి ఉన్న మనిషిని "అత్తయ్యగారూ, మీకు సౌకర్యంగానే ఉందా అండీ?" అని అడిగేవాణ్ణి ఏం చెయ్యాలి?

"బ్రహ్మాండంగా ఉంది నాయనా. కాస్త దుప్పటి కప్పావంటే ఇక్కడే నిద్రపోతాను," అన్నాను.

"క్షమించండి," అన్నాడు మా అల్లుడు.

అదీ వరస. తిట్టినా క్షమించండే, మెచ్చుకున్నా క్షమించండే. ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే విభాగానికి పెద్ద ఇతను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్లందరి చేతా తిట్లు తిని "మీ ఓపికకు ధన్యవాదాలు" అనడం ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఆఫీసులోనే వదిలేసి రావచ్చు కదా! ఇంటికి మోసుకొస్తాడు. మా అమ్మాయిని పెళ్లి చేసుకున్నప్పటినుంచీ నాకు ఒక్కసారి ఎదురు చెప్పలేదు. చుట్టాలంతా "ఎంత మంచి అల్లుడండీ, అదృష్టవంతులు" అంటారు. వాళ్లకేం, వాళ్లు అతనితో కలిసి బోల్టులు బిగించాలా ఏమన్నానా!

విమానమంటే పెద్దదేం కాదు, ఇద్దరు కూర్చునేది. ఇంటి వెనక షెడ్డులో అల్లుడు సొంతంగా తయారు చేస్తున్నాడు. ఇనుమూ కాదు, రేకూ కాదు. గాజునారతో నేసిన గుడ్డని జిగురులో తడిపి, నురుగుపలక మీద పొర మీద పొర అంటించి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ అంటించి, మళ్లీ రుద్ది చేశాడు. ఆ రుద్దుడు పొడి మా ఇంట్లో పడని చోటు లేదు. నా దిండు గలీబులో ఉంది, నా కళ్లజోడు పెట్టెలో ఉంది. జిగురు కంపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇదెప్పటికి పూర్తవుతుందని అడిగితే "దాదాపు అయినట్టేనండీ" అంటాడు. ఆ దాదాపులోనే మా పక్కింటివాళ్ల పాప నడక నేర్చుకుని బడికి కూడా వెళ్తోంది.

చేసేది అల్లుడు. నడిపేది మా అమ్మాయి. అది ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెబుతుంది. రేపు తనిఖీ ఆయన వచ్చి చూసి సంతకం పెడితే, ఆదివారం పొద్దున మా అమ్మాయి దీన్ని మొట్టమొదటిసారి గాల్లోకి లేపుతుంది. మొదటిసారి ఒక్కరే ఎక్కాలట. ఆ ఒక్కరూ నా ఒక్కగానొక్క కూతురు. అందుకని నేను ఈ షెడ్డులో ఉన్నాను. లేకపోతే నాకు ఈ గాజుపొడిలో పనేమిటి?

మధ్యలో నా చెయ్యెందుకంటే, దానికీ అల్లుడి మంచితనమే కారణం. రెక్కని విమానం పొట్టకి కలిపేవి నాలుగు బోల్టులు. తల బయట ఉంటుంది, నట్టు రెక్క లోపల ఉంటుంది. లోపలికి చెయ్యి పెట్టడానికి రెక్క అడుగున ఒక గుండ్రటి కంత. నమూనా కాగితంలో ఆ కంత మామూలు మనిషి చెయ్యి పట్టేంతే ఉంది. ఇతనేమో "పెద్దగా కోస్తే రెక్క బలం తగ్గుతుందేమోనండీ" అని జాగ్రత్త కొద్దీ చిన్నగా కోశాడు. కోశాక చూసుకుంటే తన చెయ్యి పట్టలేదు. మా అమ్మాయివి వాళ్ల నాన్న చేతులు, రోకళ్లు. ఇంట్లో ఆ కంతలో పట్టే చెయ్యి నాదొక్కటే.

నేను పళ్ల డాక్టర్ని. అంటే, ఉండేదాన్ని. కళ్లకి కనపడని చోట వేళ్లతో పని చెయ్యడం నాకు కొత్తేం కాదు. చిన్నపిల్లల నోట్లో వెనక దవడ దాకా వెళ్లి వచ్చిన వేళ్లు ఇవి. మెట్లు ఎక్కలేక క్లినిక్ మూసేశాను. అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. కానీ ఆ తెల్లకోటు మాత్రం పారెయ్యలేదు. షెడ్డులోకి వచ్చినప్పుడల్లా అదే తొడుక్కుంటాను. జేబులు పెద్దవి.

"అత్తయ్యగారూ, మీకు ఇబ్బంది లేకపోతే మొదలుపెడదామా అండీ?"

"పెట్టు నాయనా, పెట్టు. నా చెయ్యి ఇక్కడే వేళ్లూనుకునేట్టుంది."

"మోచేతి కింద స్పాంజి ముక్క ఏమన్నా పెట్టమంటారా?"

"నేనేం మంచాన పడ్డానా? కానివ్వు!"

లోపల పొట్టి పానాతో నేను నట్టుని కదలకుండా పట్టుకోవాలి. బయట అతను టార్క్ పానాతో బోల్టు తలని తిప్పుతాడు. ఈ టార్క్ పానా అనేది పొడుగాటి కాడ ఉన్న పానా. కావలసినంత బిగువు రాగానే టక్కుమంటుంది, అక్కడితో ఆపెయ్యాలి. ఇనుప వంతెనకైతే ఇంకాస్త లాగినా పరవాలేదుగానీ, దీనికి కుదరదట. ఎక్కువ బిగిస్తే గాజుగుడ్డ పొరలు లోపల్లోపల నలిగిపోతాయి, పైకి కనపడవు. తక్కువ బిగిస్తే బోల్టు తన రంధ్రంలో తను కదులుతుంది. ఈ రెండోది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సరిగ్గా కూర్చోని తొడుగు పంటి మీద రోజూ ఒక పిసరు కదిలి, కదిలి, ఒకనాడు అన్నం తింటుండగా పన్నుతో సహా విరిగి చేతిలోకి వస్తుంది. ఎంతమందిని చూశానో.

మొదటి బోల్టు బాగానే అయింది. టక్కుమన్నప్పుడు ఆ దెబ్బ పానా లోంచి నా మణికట్టుకి తగులుతుంది. చెవితో వినక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. రెండోది కూడా అయింది. కాకపోతే మధ్యలో అతనికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నా చెయ్యి రెక్కలో ఉండగానే "అవునండీ, మీ బాధ నాకు పూర్తిగా అర్థమైందండీ" అని ఎవరికో చెబుతున్నాడు.

"ఇక్కడ నా బాధ కూడా కాస్త అర్థం చేసుకో," అని అరిచాను.

"క్షమించండి," అన్నాడు. నాతో అన్నాడో ఫోన్‌తో అన్నాడో తెలీదు.

మూడో బోల్టు దగ్గరకొచ్చింది అసలు తంటా. అది రెక్క లోపల మూలన ఉంది. చెయ్యి దూర్చి, మణికట్టు వెనక్కి మడిచి, పానాని వేలి చివర్లతో పట్టుకోవాలి. ఆనుకోవడానికి చోటు లేదు. నట్టు దొరికింది, పానా ఎక్కింది. అతను తిప్పడం మొదలుపెట్టాడు. కొంచెం బిగువెక్కగానే నా పానా జారింది.

"పరవాలేదండీ, పరవాలేదు," అన్నాడు.

మళ్లీ ఎక్కించాను. మళ్లీ తిప్పాడు. ఈసారి జారలేదుగానీ, నా చెయ్యి నా మాట వినడం మానేసింది. అది ఈ మధ్య అప్పుడప్పుడూ అలా చేస్తుంది. నేనేం దాన్ని లెక్క చెయ్యను. పళ్లు బిగబట్టి, ఊపిరి బిగబట్టి, నట్టుని ఉడుంపట్టు పట్టాను. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఎక్కువైంది. లోపల పానా నట్టు మీద గిలక్కాయలా కొట్టుకుంటోంది. పోనీలే, లోపలి సంగతి బయటికేం తెలుస్తుంది అనుకున్నాను.

అటువైపు కదలిక ఆగింది.

"అయిందండీ అత్తయ్యగారూ. అద్భుతంగా పట్టుకున్నారు. కాస్త టీ తాగి నాలుగోది చూద్దామా?"

చెయ్యి బయటికి లాగి కోటు జేబులో పెట్టుకున్నాను. లాగుతున్నప్పుడే నాకు తెలుసు. మణికట్టుకి దెబ్బ తగల్లేదు.

వంటింట్లో కూర్చుని టీ తాగాం. మా ఇంట్లో ఈమధ్య సాసర్లు మాయమైపోయాయి. అమ్మాయికి కొత్త పిచ్చి పట్టింది, డబ్బాల్లాంటి మగ్గులు కొనుక్కొచ్చి, వాటిలో సగానికే టీ పోస్తుంది. ఆ సగం టీ మగ్గుని ఎడమ చేత్తో పట్టుకుని అల్లుడి మొహం వంక చూశాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

"టక్కుమన్నట్టు వినపళ్లేదే?" అన్నాను.

"అందండీ. చిన్నగా అంది."

"చిన్నగా అనడం, పెద్దగా అనడం ఉంటుందా దానికి?"

"ఆ మూల కదండీ, అందుకని కాస్త..." అని బిస్కెట్టు మొత్తం నోట్లో పెట్టేసుకున్నాడు.

అబద్ధం. ఎంత చక్కగా ఆడుతున్నాడో! రోజుకి ఎంతమందితో "మీ సమస్య సాయంత్రానికల్లా తీరిపోతుంది" అంటే వస్తుంది ఈ నైపుణ్యం! నాకు ఒళ్లు మండిపోయింది. మగ్గు అతని నెత్తిన బోర్లిద్దామన్నంత కోపం వచ్చింది. "కాలేదు, పద" అనెయ్యొచ్చు. మరి ఎందుకనలేదు? అంటే, "ఎందుకు కాలేదు" అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు నా కోటు జేబులో ఉంది. అందుకని నోరు మూసుకుని సగం టీ తాగాను.

అతను మగ్గు కడిగేసి "మీరు కాస్సేపు నడుం వాల్చండి, నేను పనిముట్లు సర్దుతాను" అని షెడ్డులోకి పోయాడు. నడుం వాల్చానుగానీ కునుకు పట్టలేదు. ఆ బోల్టు నా కళ్ల ముందే కదులుతోంది. దాని పైన రెక్క, రెక్క పక్కన నా కూతురు.

అంతలో షెడ్డులోంచి "అబ్బా" అని ఒక కేక వినపడింది.

పరిగెత్తాను. మా అల్లుడు రెక్క కింద మోకాళ్ల మీద ఉన్నాడు. కుడి చెయ్యి మణికట్టు దాకా కంతలో ఉంది. మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"ఏమిటిది?"

"ఇరుక్కుపోయిందండీ. క్షమించండి."

"నాకెందుకు చెబుతావు క్షమాపణ, రెక్కకి చెప్పు! ఏం పనిమీద వెళ్లింది ఆ చెయ్యి లోపలికి?"

"ఊరికే... వాషర్ ఉందో లేదో చూద్దామని."

"అయిపోయిన బోల్టుకి వాషర్ చూసేదేమిటి?"

వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమే సబ్బునీళ్లు తెచ్చి అతని మణికట్టు చుట్టూ పోశాను. ఎడమ చేత్తోనే పోశాను. పీకుతుంటే పాపం చర్మం లేచిపోయింది. బొటనవేలు వెనక గీసుకుపోయి రక్తం కనపడింది. చెయ్యి బయటికొచ్చింది. తేలుకుట్టిన దొంగలా నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడు నిజం చెప్పు. మూడోది అయిందా, లేదా?"

"మీకు అనుమానంగా ఉంటే ఇంకోసారి..."

"నా అనుమానం సంగతి కాదు. నీకు తెలిసిందేమిటి?"

"మీరు ఎలా అంటే అలానేనండీ."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "నేను నీ కస్టమర్నా? 'మీరెలా అంటే అలాగే' అనడానికి నేనేమన్నా ఫోన్ బిల్లు మీద పోట్లాడుతున్నానా? పెళ్లయిన దగ్గరనుంచీ చూస్తున్నాను. కూర ఉప్పుకషాయంలా ఉన్నా బాగుందంటావు, నేను తప్పు దారి చెబితే ఆ దారినే బండి పోనిస్తావు. నీ మర్యాద పాడుగాను, నా కూతుర్ని ఎక్కించేది దీంట్లో నాయనా!"

అతని పెదవులు కదిలాయి. "మీ చెయ్యి..." అన్నాడు.

"ఊఁ? నా చెయ్యి?"

"ఏం లేదండీ."

అతను అనలేడు. నేను అననివ్వను. అలా ఎంతసేపు నిలబడేవాళ్లమోగానీ, గేటు చప్పుడైంది. మా అమ్మాయి వచ్చేసింది.

మా ఇంట్లో బోల్టుల దగ్గర ఒక పద్ధతి ఉంది. అమ్మాయి పెట్టిన పద్ధతే. బిగించాక నట్టు మీంచి పక్కకి గోళ్లరంగుతో ఒక గీత గియ్యాలి. తర్వాత ఎప్పుడు చూసినా గీత తిన్నగా ఉంటే బోల్టు కదల్లేదన్నమాట. ఆ గీత బిగించినవాళ్లు గియ్యకూడదు. ఎక్కి ఎగిరేది ఎవరో వాళ్లే గియ్యాలి. గీసే ముందు బోల్టు బోల్టుకీ అడుగుతుంది. బిగించిన ఇద్దరూ విడివిడిగా "అయింది" అనాలి. ఒకరు అంటే చాలదు. గీత పడ్డాక దాన్ని ఇక ఎవరూ ముట్టుకోరు. తన గోళ్లకి ఎన్నడూ రంగు వెయ్యని పిల్ల దీనికోసం వంకాయరంగు సీసా కొనుక్కొచ్చింది.

లోపలి నట్లకి చెయ్యి పట్టదు కాబట్టి బయట బోల్టు తల మీదే గీస్తుంది. బ్యాగు కింద పెట్టకుండానే సీసా మూత తిప్పింది.

"ఎన్నయ్యాయి?"

"మూడు," అన్నాడు అల్లుడు. అతని ధైర్యం చూడండి!

"ఒకటోది?"

"అయింది," అన్నాడు.

"అయింది," అన్నాను. గీత గీసింది.

"రెండోది?"

"అయింది."

"అయింది." గీసింది.

"మూడోది?"

"అయింది," అన్నాడు. ముందు రెండింటికీ ఎలా అన్నాడో అచ్చం అలానే, అదే గొంతుతో. నా వైపు చూడనైనా లేదు. నా పరువు కాపాడుతున్నాడు మహానుభావుడు. ఆదివారం లోపల ఎలాగో ఒకలా, ఏ సన్నచేతుల మనిషినో పట్టుకొచ్చి బిగిద్దామనుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నేనూ "అయింది" అంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

అమ్మాయి బ్రష్షు పట్టుకుని ఆగింది. రంగుచుక్క ఒకటి జారి గచ్చు మీద పడింది.

"అమ్మా? మూడోది?"

"కాలేదు," అన్నాను.

అది ఇద్దరి మొహాలూ చూసింది. "ఎందుకు కాలేదు?"

"నాదే పొరపాటు," అని అల్లుడు అందుకున్నాడు. "టార్క్ పానా నేను సరిగ్గా..."

"నోర్ముయ్!" అన్నాను. అల్లుణ్ణి అలా అనడం అదే మొదటిసారి. "నీది కాదు పొరపాటు. నా చెయ్యి వణుకుతోంది."

జేబులోంచి తీసి చూపించాను. దానికీ సిగ్గు లేదు, చూపించగానే ఇంకా బాగా వణికింది. రెక్క పక్కన గాల్లో అలా ఆడుతూ ఉంది. నోట్లో అద్దం పట్టుకుని గంటలు గంటలు నిలబడ్డ చెయ్యి అది.

"మెట్లూ లేవు, మోకాళ్ల నొప్పులూ లేవు," అన్నాను. "క్లినిక్ మూసేసింది ఇందుకే. డాక్టరుకి చూపించుకున్నాను. వయసుతో వచ్చే వణుకేనట, ప్రాణానికేం భయం లేదన్నాడు. నా ప్రాణానికి లేదు, అవతలివాళ్ల పళ్లకే భయం. ఇప్పుడు నీ ప్రాణానికి కూడా."

ఏడుపొచ్చింది నాకు. కోపంతో వచ్చిందో దేనితో వచ్చిందో, వచ్చింది.

"తెలుసమ్మా," అంది అమ్మాయి నెమ్మదిగా.

"ఏం తెలుసు?"

"కప్పు సాసర్లో పెట్టేటప్పుడు గలగలమనేది. నీకది వినపడి నువ్వు టీ తాగడమే తగ్గించేశావు. అందుకే సాసర్లు తీసేశాను."

అల్లుడి వంక తిరిగాను. "నీకూ తెలుసా?"

"రెక్క డొల్ల కదండీ," అన్నాడు తల వంచుకుని. "లోపల చిన్న చప్పుడైనా బయటికి డప్పులా వినపడుతుంది. పానా కొట్టుకుంటుంటే విన్నాను. మీకు నొప్పిగా ఉందేమో అనిపించి, సగంలో ఆపేశాను."

చూశారా! ఇంటిల్లిపాదీ కలిసి నా చుట్టూ నాటకం ఆడుతున్నారు. సాసర్లు దాచేవాళ్లొకరు, బోల్టు సగంలో వదిలేసేవాళ్లొకరు. నేనేమో వీళ్ల ముందు జేబులో చెయ్యి దాచుకుని మహా నటిస్తున్నాననుకుంటున్నాను. నాకు కోపమూ సిగ్గూ రెండూ కలిసి ఏది ముందు పడాలో తెలియలేదు. అంతలో అమ్మాయి కోపమే ముందు పడింది. అదీ నామీద కాదు.

"నువ్వు నాతో 'అయింది' అన్నావు," అంది మొగుడితో.

"ఆదివారం లోపల నేనే ఎలాగోలా..."

"గీత పడ్డాకా?"

అతను గీసుకుపోయిన బొటనవేలిని తుడుచుకున్నాడు.

"అమ్మ ఏమనుకుంటుందో అని నాతో అయిందన్నావు. నేను అది నమ్మి ఎక్కుతాను. నేను నమ్మేది ఈ విమానాన్ని కాదు, మీ ఇద్దరి నోట్లోంచి వచ్చే ఆ ఒక్క మాటని."

క్షమించండి అంటాడేమోనని చూశాను. అనలేదు. అతని మొహం పాలిపోయింది. మొట్టమొదటిసారిగా ఆ నోటికి ఆ మాట చాల్లేదని నాకు అర్థమైంది. జాలి కూడా వేసింది. అతను అబద్ధమాడింది నాకోసం. నేను నిజం మింగి కూర్చున్నదీ నాకోసమే.

"సరే, ఇద్దరూ ఏడవడం తర్వాత," అన్నాను కళ్లు తుడుచుకుని. "ఆ స్పాంజి ముక్క ఎక్కడుంది?"

"ఇప్పుడా?" అన్నాడు.

"ఇప్పుడే. మూడోది కాస్త వదులు చెయ్యి, మొదటినుంచి బిగిద్దాం. మోచేతి కింద స్పాంజి పెట్టు. మణికట్టు కింద ఇంకోటి. పళ్ల డాక్టరు చదువులో మొదటి పాఠం ఏమిటో తెలుసా? ఉంగరం వేలు ఎక్కడో ఒకచోట ఆనించకుండా పనిముట్టు ఎత్తకూడదు. ఇందాక గాల్లో పట్టుకున్నాను చూడు, నా రోషం తగలబడ. ఇప్పుడొకటి చెబుతాను విను. నువ్వు తిప్పుతూ ఉండు. నేను 'ఆగు' అంటే ఆగు. నీకు లోపల చప్పుడు వినపడితే నువ్వే 'వణుకుతోంది' అను. అన్నావంటే నేనేం చావను."

చెయ్యి దూర్చాను. స్పాంజి మెత్తగా తగిలింది. ఉంగరం వేలు లోపలి గోడకి ఆనించాను. పానా నట్టు మీద ఎక్కింది.

"తిప్పు."

తిప్పాడు. కాసేపు బాగానే ఉంది.

"వణుకుతోంది," అన్నాడు. గొంతు పీలగా వచ్చింది, అయినా అన్నాడు.

"ఆగు మరి." ఊపిరి వదిలాను. చెయ్యి వదులు చేశాను. అమ్మాయి నా వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి లోపల చప్పుడు తగ్గింది. "ఊఁ, ఇప్పుడు."

మళ్లీ ఆగాం. మళ్లీ మొదలుపెట్టాం. తల ప్రాణం తోకకొచ్చింది ముగ్గురికీ. చివరికి టక్కుమంది. మణికట్టుకి ఆ దెబ్బ ఎంత బాగా తగిలిందో చెప్పలేను.

"మూడోది?" అంది అమ్మాయి.

"అయింది," అన్నాడు అతను.

"అయింది," అన్నాను. గీత గీసింది.

ఊపు మీదున్నాను కదా, "నాలుగోది కూడా కానిచ్చేద్దాం" అని చెయ్యి లోపలే తిప్పబోయాను.

"వద్దు," అన్నాడు అల్లుడు.

"ఏమిటీ?"

"ఇవాళ్టికి వద్దు. మీ చెయ్యి అలిసిపోయింది, ఇందాకటికంటే ఎక్కువ వణుకుతోంది. బయటికి తియ్యండి అత్తయ్యగారూ." 'మీకు ఇబ్బంది లేకపోతే' లేదు, 'క్షమించండి' లేదు. నా కోటు చెయ్యి పట్టుకుని తనే బయటికి లాగాడు. ఆ తర్వాత ఫోన్ తీసి తనిఖీ ఆయనకి చేశాడు. "రేపు కుదరదండీ. పని కాలేదు. అయ్యాక చెబుతాను." అటునుంచి ఆయన గట్టిగానే అరిచినట్టున్నాడు, నాకిక్కడికి వినపడింది. మా అల్లుడు విని, "అవునండీ, కాలేదు" అని మళ్లీ అదే మాట అని పెట్టేశాడు.

"ఇంతకాలం ఈ గొంతు ఎక్కడ పెట్టావయ్యా?" అన్నాను.

"మీరు ఎప్పుడూ అరుస్తుంటారు కదండీ, సందు దొరకలేదు," అన్నాడు. అమ్మాయి ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చిందిగానీ ఇవ్వలేదు వాళ్లకి ఆ సంతోషం.

నాలుగోది మర్నాడు పొద్దున్నే, చెయ్యి తాజాగా ఉండగా బిగించాం. తనిఖీ ఆయన వచ్చేసరికి ఇంకో వారం పట్టింది. ఆయన రెక్కలన్నీ తట్టి చూసి, గీతలన్నీ చూసి, సంతకం పెట్టాడు. ఆ వారమంతా మా ఇంట్లో సాసర్లు గలగలమంటూనే ఉన్నాయి. నేనే పట్టుబట్టి అటక మీంచి దింపించాను.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఫ్లయింగ్ క్లబ్బు మైదానంలో గాలి కూడా లేదు. మా అమ్మాయి బెల్టు బిగించుకుని కూర్చుంది. పై అద్దం మూసే ముందు మా ఇద్దరినీ పిలిచింది. దాని మొహంలో నవ్వు లేదు.

"నాలుగూ?" అంది.

"అయింది," అన్నాడు అల్లుడు, దాని కళ్లలోకి చూస్తూ.

"అమ్మా?"

"అయింది," అన్నాను.

అద్దం మూసుకుంది. మేమిద్దరం వెనక్కి నడిచి కంచె దగ్గర నిలబడ్డాం. విమానం దూరంగా పోయి, తిరిగి, పరుగు మొదలుపెట్టింది. పక్కన అల్లుడు ఊపిరి తియ్యడం మానేశాడు. "గాలి పీల్చు నాయనా, నువ్వు పడిపోతే మొయ్యడం నావల్ల కాదు," అన్నాను. చక్రాలు నేలని వదిలాయి. రెండు రెక్కలూ వాటి స్థానంలో అవి ఉన్నాయి. అది మా తలల మీదుగా పైకి వెళ్తుంటే జేబులోంచి చెయ్యి తీసి, పైకెత్తి ఊపాను. అది ఊగడమో వణకడమో ఎవరికి తెలిసినా నాకిప్పుడు పరవాలేదు.